సీసాలో ఉన్నదెంత, గాలిలో ఉన్నదెంత

వానాకాలం మొదలైందంటే మా వైపు వంటింట్లో రెండు చోట్ల చెమ్మ చేరుతుంది. ఒకటి ఉప్పు జాడీ, రెండోది బెల్లం డబ్బా. చినగంజాం కొటార్ల నుంచి వచ్చిన రాళ్ల ఉప్పు శ్రావణం నాటికి అడుగున నీరు దిగుతుంది. బెల్లం అచ్చు అంచులు కరిగి చేతికి జిగురుగా తగులుతుంది. వాటిలో ఎవరూ నీళ్లు పోయలేదు, గాలిలో ఉన్న తేమను అవే లాక్కున్నాయి. ముఖానికి రాసుకునే హైడ్రేటింగ్ సీరం గురించి తెలుసుకోవలసినదాంట్లో సగం ఆ జాడీ దగ్గరే తెలిసిపోతుంది. మిగతా సగం కోసం సీసా వెనక అచ్చువేసిన చిన్న అక్షరాలు చదవాలి.

రామాపురం వేటపాలెం మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడేదాకా ప్రకాశం జిల్లా కింద ఉండేది. ఇక్కడ ఒకపక్క వలలూ పడవలూ, ఇంకోపక్క రిసార్టులు. శనివారం పొద్దు వాలేసరికి తెనాలి నుంచి, గుంటూరు నుంచి, హైదరాబాదు నుంచి కార్లు వచ్చి ఆగుతాయి. దిగినవాళ్ల సంచుల్లో సన్‌స్క్రీన్ పక్కన ఇప్పుడు ఓ చిన్న గాజు సీసా కూడా కనిపిస్తోంది. 30 మిల్లీలీటర్లు, రబ్బరు బుడిపె ఉన్న డ్రాపర్, ముందువైపు పెద్ద అక్షరాల్లో ఏదో ఒక ఆసిడ్ పేరు. సీరం అన్న మాట ఒకప్పుడు మనకు రక్తపరీక్ష కాగితం మీదే కనపడేది. ఇప్పుడది బాపట్ల హాస్టల్ గదుల్లో, రేపల్లె ఫ్యాన్సీ షాపుల అద్దాల బీరువాల్లో ఉంది. అందులో ఏమేం కలుస్తాయి, ఏది ఏ పని చేస్తుంది, ఈ ఉప్పుగాలిలో దాని అవసరం ఎంత అన్నది చూద్దాం.

ముందు చర్మం సంగతి. మనం తాకే పైపొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. అందులో పదిహేను ఇరవై వరసల చచ్చిన కణాలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. కణాలు ఇటుకలనీ, వాటి మధ్య కొవ్వు సున్నమనీ పోల్చి చెప్పినవాడు అమెరికన్ చర్మ శాస్త్రవేత్త పీటర్ ఇలియాస్. ఈ గోడలో కొంత నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. అది సుమారు పది శాతం కంటే తగ్గితే గోడ బిరుసెక్కి పొట్టు లేస్తుంది. 1952లో బోస్టన్‌లో ఇర్విన్ బ్లాంక్ అనే ఆయన ఓ చిన్న ప్రయోగం చేశాడు. కాయకాచిన చర్మం ముక్కల్ని ఎండబెట్టి కొన్నింటిని నూనెల్లో, కొన్నింటిని నీళ్లలో వేశాడు. నూనెలో వేసినవి ఎన్నాళ్లున్నా బిరుసుగానే ఉన్నాయి, నీళ్లలోవి మెత్తబడ్డాయి. పొడి చర్మానికి నూనె తక్కువైందన్న పాత నమ్మకం దాంతో కదిలిపోయింది. చర్మాన్ని మెత్తబరిచేది నీరే, నూనె చేసే పని ఆ నీరు ఆవిరి కాకుండా మూత వేయడం.

మన తలంటు గుర్తుకొస్తోంది కదూ. ముందు నువ్వుల నూనె, తర్వాత సున్నిపిండి, పైన వేణ్ణీళ్లు. సున్నిపిండి నూనెను మొత్తం తీసెయ్యదు, పలచటి పూత ఒకటి మిగిలిపోతుంది. లోపలికి నీరు చేరాక దాని మీద మూత. బ్లాంక్ పేరు వినని అమ్మమ్మలు ఆ వరస సరిగ్గానే పెట్టారు. కాకపోతే కొందరు సున్నిపిండిని గచ్చు తోమినట్టు తోముతారు. అప్పుడు పోయేది మురికి ఒక్కటే కాదు.

నీరు, తేమ సంగతి ఈ ప్రాంతంలో అందరికంటే బాగా ఎరిగినవాళ్లు చీరాల, వేటపాలెం నేతగాళ్లు. గుంట మగ్గం నేలలోకి దిగి ఉండటానికి ఉన్న కారణాల్లో తేమ ఒకటి. మట్టి చల్లదనంలో పడుగు పోగులు మెత్తగా సాగుతాయి. వడగాలి కొట్టిన రోజున అదే పోగు పుటుక్కున తెగుతుంది. నూలు బలం ఎంతన్నది నూలును బట్టి మాత్రమే కాదు, ఆ పూట గాలిని బట్టి కూడా. చర్మం విషయంలోనూ అంతే. సీరం కంపెనీల ప్రకటనల్లో చర్మం రకాలు నాలుగైదు చెబుతారు గానీ, గాలి ఎలాంటిదని ఒక్కరూ అడగరు.

ఇక సీసా వెనక్కి తిప్పుదాం. మన దేశంలో ఇప్పుడు అమల్లో ఉన్నవి 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనలు. 1 శాతానికి మించి ఉన్న పదార్థాలను బరువులో ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. 1 శాతం, అంతకు లోపు ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. చట్టంలో చాలాకాలంగా ఓ మినహాయింపు కూడా నడుస్తోంది: 60 మిల్లీలీటర్ల కంటే చిన్న ద్రవాల ప్యాకుకు ఈ జాబితా తప్పనిసరి కాదు. సీరం సీసా 30 మిల్లీలీటర్లని మర్చిపోకండి. పేరున్న కంపెనీలు చాలావరకు అట్టపెట్టె మీదైనా వేస్తున్నాయి. అసలే వెయ్యని సీసాను నేనైతే కొనను.

జాబితాలో మొదటి మాట ఆక్వా. అంటే నీళ్లే. నీటితో చేసిన ఏ సీరంలోనైనా పెద్ద వాటా దానిదే. దాని కింద గ్లిజరిన్, ప్రొపేన్‌డయాల్, బ్యుటిలీన్ గ్లైకాల్ లాంటివి వస్తాయి. ఇంకాస్త కిందికి వెళితే ఫినాక్సీఇథనాల్ అనే పేరు తగులుతుంది. అది సీసాలో బూజూ బాక్టీరియా చేరకుండా వేసే నిల్వ పదార్థం. యూరప్ నిబంధనల ప్రకారం అది 1 శాతానికి మించకూడదు. కాబట్టి దాని తర్వాత కనిపించే పేరేదైనా 1 శాతమో, అంతకంటే తక్కువో. ముందువైపు బొమ్మ వేసి ఊదరగొట్టిన కుంకుమపువ్వూ, తామరపువ్వూ ఈ గీతకు కిందే దొరికితే, ధర చెల్లించేది బొమ్మకని అర్థం. ఈ ఒక్క కిటుకు చేతిలో ఉంటే షాపులో సగం సీసాలు తిరిగి బీరువాలోకి వెళ్లిపోతాయి.

ఇప్పుడు అసలు కథానాయకుడు, హైలురోనిక్ ఆసిడ్. 1934లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిగుడ్డులోని జిగురు నుంచి దీన్ని విడదీశారు. గాజును చెప్పే గ్రీకు మాట నుంచి పేరు పెట్టారు, కంటి లోపలి ఆ జిగురు గాజులా ఉంటుంది కనుక. తర్వాత చాలాకాలం కోడిపుంజు జుట్టు నుంచి తీశారు. ఇప్పుడు ఎక్కువగా బాక్టీరియాను పులియబెట్టి తీస్తున్నారు. చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రం ఆ తయారీకి పెద్ద కేంద్రం. సీసా మీద సోడియం హైలురోనేట్ అని ఉన్నా ఇదే, దాని ఉప్పు రూపం. మన మోకాలి కీళ్లలో, కళ్లలో, చర్మం లోపలి పొరలో ఇది సహజంగానే ఉంది.

దీని నిర్మాణంలో మన తీరానికి దగ్గరి చుట్టరికం ఒకటుంది. రెండు చక్కెర అణువులు మార్చి మార్చి పేర్చిన పొడవాటి గొలుసు హైలురోనిక్ ఆసిడ్. ఒకటి గ్లూకురోనిక్ ఆసిడ్, రెండోది ఎసిటైల్ గ్లూకోజమిన్. ఆ రెండోదాన్ని ఒక్కదాన్నే గొలుసుకడితే కైటిన్ అవుతుంది. నిజాంపట్నం, రేపల్లె చెరువుల్లో పెరిగే రొయ్య పెంకులో ఉన్నది అదే. పెంకు గట్టిగా నీటికి లొంగకుండా ఉంటుంది, హైలురోనిక్ ఆసిడ్ నీటిలో జావలా ఉబ్బుతుంది. సగం ఇటుక ఒకటే అయినా కట్టిన తీరు మారితే గుణమే తిరగబడింది. రొయ్య పొట్టు ముఖానికి రుద్దుకుంటే సరిపోతుందా అని ఎవరూ అడగరనే ఆశిస్తాను.

హైలురోనిక్ ఆసిడ్ తన బరువుకు వెయ్యి రెట్లు నీరు పట్టి ఉంచుతుందన్న మాట ప్రతి ప్రకటనలో వినిపిస్తుంది. దీన్ని కాస్త లెక్కవేసి చూద్దాం. సీసాలో అది 1 శాతం ఉందనుకుందాం, చాలా సీసాల్లో అంతకూడా ఉండదు. మూడు చుక్కలంటే 0.15 మిల్లీలీటరు. అందులో హైలురోనిక్ ఆసిడ్ ఒకటిన్నర మిల్లీగ్రాము. వెయ్యి రెట్లన్న మాటే నిజమనుకున్నా ఒకటిన్నర మిల్లీలీటరు నీరు కావాలి. అది ఎక్కడి నుంచి వస్తుంది? చుక్కల్లో ఉన్న నీరు అందులో పదో వంతు. పైగా చెమట పట్టకపోయినా చర్మం నుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది. ముఖం వైశాల్యం 600 చదరపు సెంటీమీటర్లనీ, చదరపు మీటరుకు గంటకు 10 గ్రాములు పోతుందనీ తక్కువలో తక్కువ వేసుకున్నా గంటకు 0.6 గ్రాము. అంటే మనం పోసిన మూడు చుక్కల నీళ్లూ పావుగంట ఆవిరికి సరి. వెయ్యి రెట్లన్నది పలచటి ద్రావణంలో ఆ గొలుసు ఎంత చోటు ఆక్రమిస్తుందన్నదాని నుంచి పుట్టిన అంకె. ముఖం మీద జరిగేదానికి దాంతో పెద్దగా సంబంధం లేదు.

అంతమాత్రాన పనికిరానిదని కాదు. పెద్ద గొలుసులు చర్మంలోకి దిగవు, పైన పలచటి పొరగా నిలిచి, ఆరిపోతున్న పైకణాలను కాసేపు మెత్తగా ఉంచుతాయి. రాసిన వెంటనే ముఖం నున్నగా, సన్నని గీతలు పూడినట్టు కనపడేది అందుకే. గొలుసును ముక్కలు చేసి చిన్నవిగా వేస్తే కొంత లోపలికి దిగుతాయంటారు. కానీ చర్మాన్ని దాటి పోవాలంటే అణువు బరువు 500 డాల్టన్లకు మించకూడదన్న మోటు లెక్క ఒకటి 2000లో ఇద్దరు డచ్చి పరిశోధకులు ఇచ్చారు. చిన్నముక్కలని చెప్పుకునేవి కూడా సాధారణంగా వేల డాల్టన్లలో ఉంటాయి. నా అంచనాలో ఇది మంచి మేకప్ పదార్థం, చర్మానికి మరమ్మతు చేసే పనివాడు మాత్రం కాదు.

మరమ్మతు చేసేది గ్లిజరిన్. 1779లో స్వీడన్ రసాయనవేత్త కార్ల్ షీలే ఆలివ్ నూనెను సీసపు భస్మంతో కలిపి మరిగిస్తుంటే తియ్యటి ద్రవం ఒకటి చేతికి తగిలింది. సబ్బు చేసిన ప్రతిచోటా అది పక్కనే పుడుతుంది. మందుల షాపులో పన్నీరు సీసా పక్కన చిన్న సీసాలో అమ్మేదీ అదే. అంత చవక కావడమే దాని దురదృష్టం, ఎవరూ సీసా ముందువైపు దాని పేరు పెద్దగా వెయ్యరు. దాని అణువు బరువు 92 డాల్టన్లు, సులువుగా లోపలికి దిగుతుంది. చర్మకణాల గోడల్లో నీటికీ గ్లిజరిన్‌కీ దారి ఇచ్చే ఆక్వాపోరిన్ 3 అనే తూములున్నాయి. ఆ తూములు లేకుండా పుట్టించిన ఎలుకలకు చర్మం పొడిబారింది, గ్లిజరిన్ అందించగానే బాగైంది. ఆక్వాపోరిన్లను కనిపెట్టిన పీటర్ అగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది. ఇన్ని పదార్థాల్లో ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను గ్లిజరిన్ దగ్గరే ఆగుతాను. జాబితాలో రెండో మూడో స్థానంలో అది ఉన్న సీరం, ధర ఎంతైనా, కనీసం దాని పని అది చేస్తుంది. ఇంట్లోనే కావాలంటే ఒక చెంచా గ్లిజరిన్‌కు తొమ్మిది చెంచాల పన్నీరు. కలిపింది కలిపినట్టు ఆ రోజే వాడెయ్యాలి, నిల్వ పదార్థం లేని నీటి మందు త్వరగా పాడవుతుంది. కలపకుండా నేరుగా పూసుకుంటే జిగురు, పగుళ్లుంటే మంట.

జాబితాలో మరో పేరు పాంథెనాల్. చర్మంలోకి వెళ్లాక విటమిన్ బి5గా మారుతుంది. 1930ల చివర్లో హార్వర్డ్‌లో ఆ విటమిన్ మీద పనిచేసినవాళ్లలో 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. ఎలుకల పోషణలో బి5 పాత్ర గురించి జార్జ్ హిచింగ్స్‌తో కలిసి ఆయన 1939లో ఓ పత్రం వేశాడు. హిచింగ్స్‌కు తర్వాత 1988లో నోబెల్ వచ్చింది. మనవాడు 1948లోనే పోయాడు. పాంథెనాల్ నీటిని పట్టి ఉంచుతుంది, మంటను చల్లారుస్తుంది. ఎండకు కమిలిన ముఖానికి సీసాలోని మిగతా పేర్లకంటే దీన్నే ముందు వెతకాలి.

నయాసినమైడ్ కథ మన నేలకు ఇంకా దగ్గర. అది విటమిన్ బి3. దీని కొరతతో వచ్చే జబ్బు పెల్లాగ్రా. ఎండ తగిలే మెడ, చేతులు, ముఖం నల్లబడి పెచ్చులు లేస్తాయి. జొన్నే ప్రధాన తిండిగా ఉన్న తెలంగాణ మెట్టప్రాంతపు కూలీల్లో ఆ జబ్బు కనిపించేది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, శ్రీకంఠయ్య దీన్ని పట్టుకున్నారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడమే కారణమని 1960లో వాదించారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ జరిగింది. అదే పరిశోధనాలయం ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ. అన్నం గిన్నెలో తక్కువైతే చర్మం పగిలే విటమిన్‌ను ఇప్పుడు కడుపునిండా తిన్నవాళ్లు ముఖం మీద పూసుకుంటున్నారు. అలా పూసినా ఫలితం ఉంది, ఇటుకల మధ్య సున్నం తయారీకి, అంటే సెరమైడ్లకు, అది ఊతమిస్తుంది. పరీక్షల్లో ఎక్కువగా వాడింది 2 నుంచి 5 శాతం. 10 శాతం అని గర్వంగా రాసుకున్న సీసాలు కొందరి ముఖాన్ని ఎర్రబరుస్తాయి. ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదనడం పచ్చడిలో ఉప్పు విషయంలో కూడా నిజం కాదు.

యూరియా పేరు చూసి మన రైతులు ఉలిక్కిపడతారు. కృష్ణా డెల్టా వరి చేలో చల్లే యూరియా, క్రీములో ఉండే యూరియా ఒకే అణువు. మన చర్మం తనంతట తాను తయారుచేసుకునే తేమ సరుకులో అమైనో ఆమ్లాలు, లాక్టేట్‌లతో పాటు అదీ ఉంది. 5 నుంచి 10 శాతం ఉంటే తేమ పడుతుంది, 20 దాటితే గట్టిపడిన చర్మాన్ని కరిగిస్తుంది, అందుకే మడమల పగుళ్లకు రాస్తారు. బస్తాలోది మాత్రం పొలానికే.

మిగతావి తొందరగా దాటేయవచ్చు. క్సాంథన్ గమ్, కార్బొమర్ చిక్కదనానికి. ఈడీటీఏ నీటిలోని లోహాలను కట్టేస్తుంది. కలబంద గుజ్జు చాలావరకు నీరే, చల్లగా ఉంటుంది, అంతే. నత్త జిగురు కొరియా మోజు. సువాసన కోసం వేసే పర్‌ఫ్యూమ్ మాత్రం సున్నితమైన చర్మానికి మొదటి అనుమానితుడు. తేమ పేరుతో అమ్మే సీసాలో అది ఎందుకుండాలో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు మళ్లీ గాలి దగ్గరికి. పైన చెప్పినవాటిలో ఎక్కువ భాగం ఉప్పు జాడీ లాంటివే, చెమ్మ ఉన్న చోటు నుంచి లాక్కుంటాయి. రామాపురంలో గాలి నిండా నీరే, కాబట్టి బయటి నుంచి కొంత దొరుకుతుంది. మే నెల పడమటి వడగాలి రోజుల్ని మినహాయిస్తే, సాధారణ చర్మానికి ఇక్కడ సీరం అవసరమే తక్కువ. సముద్రంలో మునిగి వచ్చాక ముఖం బిగుసుకుపోయేది ఆరిపోయిన ఉప్పు వల్ల. మంచినీళ్లతో కడుక్కుంటే సగం పోతుంది. తర్వాత రాత్రంతా ఏసీ గదిలో పడుకుంటే, సముద్రపు ఒడ్డునే ఉండి కూడా ఎండు గాలి పీల్చినట్టే. సీరానికి అక్కడ పని ఉంటుంది, అదీ తడి ముఖం మీద రాసి పైన క్రీమో వాజెలీనో పూస్తేనే. పుష్యమాసపు హైదరాబాదులో మూత ఇంకా ముఖ్యం. తెనాలి నుంచి షికాగో వెళ్లిన అమ్మాయికి, ఇంట్లో హీటరు నడిచే జనవరిలో, మూత లేని సీరం ఇంకా బిగువు తెస్తుంది, గాలిలో దొరకని నీటిని అది చర్మం నుంచే తీసుకుంటుంది గనుక. ఇక్కడ బాగా పనిచేసిన సీసా అక్కడ పనిచెయ్యదని ఫోనులో అమ్మతో చెప్పే మాటలో అబద్ధం లేదు.

ఇంత నీటి గొడవలో ఈ తీరంలోనే ఓ వింత ఉంది. రొయ్యలు వొలిచే షెడ్లలో ఆడవాళ్లు పొద్దస్తమానం మంచు నీళ్లలో చేతులు పెట్టి పనిచేస్తారు. పగలంతా నీళ్లలో నానే చేతులు తడిగా ఉండాలి, కానీ అవే అందరికంటే పొడిబారి పగిలిపోతాయి. చర్మంలో నీటిని పట్టి ఉంచే ఆ సహజ సరుకంతా నీటిలో కరిగేదే, రోజూ గంటల తరబడి నానితే అదీ కడిగేసుకుపోతుంది. వాళ్లు వొలిచి పారేసే పెంకులోని చక్కెరే రిసార్టు గదిలోని సీసాలోనూ సగం ఇటుక అని ముందే అనుకున్నాం. ఆ చేతులకు మాత్రం సీరంతో పని కాదు. రబ్బరు గ్లౌజు లోపల నూలు గ్లౌజు, పని అయ్యాక 10 శాతం యూరియా క్రీము, పడుకునే ముందు వేలికి వచ్చినంత వాజెలీన్.